ఎర్ర చంద్రుడి నెల

కాలరు కొసల నుంచి మధ్యకు రావాలి. మధ్య నుంచి కొసకు తోసుకుపోతే ముడత అక్కడ చేరి కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత ఆవిరి కొట్టినా లేవదు. ఆమె ఎడమచేత్తో చొక్కా కాలరు బిగలాగి పట్టుకుని కుడిచేత్తో ఇస్త్రీపెట్టె నడుపుతోంది. కళ్ళు కాలరు మీదే ఉన్నా చెవులు మాత్రం కౌంటరు దగ్గరున్నాయి. అక్కడ కూతురుంది.

కూతుర్ని అందరూ గువ్వ అనే పిలుస్తారు. రెండో తరగతి. బడి వదిలాక నేరుగా లాండ్రీకే వచ్చి, కౌంటరు పక్కనున్న స్టూలెక్కి కూర్చుంటుంది. లాండ్రీ ఆమె ఆడపడుచుది. అంటే ఆడపడుచు మొగుడిది. ముందు గదిలో కౌంటరూ ఇస్త్రీ బల్లలూ, మధ్య గదిలో ఉతికే మెషీన్లూ సోడా తొట్టీ, వెనక రేకుల గదిలో ఆమె, భర్త, గువ్వ. బట్టలు తేవడం, ఇచ్చిరావడం భర్త పని. ఇస్త్రీ ఆమెది. పైవాటాలో వదినా, ఓనరూ.

డబ్బా కింద పడిన చప్పుడు. గుడ్డ ముక్కల మీద నంబర్లు రాసి, పిన్నులు గుచ్చి పెట్టుకున్న డబ్బా అది. పిన్నులన్నీ గచ్చు మీద చెల్లాచెదురుగా దొర్లాయి.

"ఎవరది?" ఓనరు కళ్ళజోడు పైకి తోసుకుంటూ మధ్య గదిలోంచి వచ్చాడు.

గువ్వ అప్పటికే తల్లి వెనక ఉంది. స్టూలు ఎప్పుడు దిగిందో, బల్ల కింద నుంచి ఎప్పుడు దూరి వచ్చిందో తెలియదు. రెండు చేతులతో తల్లి నడుం పట్టుకుని, మొహం వీపుకి ఆనించి నిలబడింది. పిల్ల ఊపిరి వేడిగా తగులుతోంది.

"నేనే అన్నయ్యగారూ. చెయ్యి తగిలింది."

ఓనరు కౌంటరు వైపు చూశాడు. తర్వాత గదికి ఈ చివరనున్న ఆమె బల్ల వైపు చూశాడు.

"నీ చెయ్యి బాగానే సాగుతుందమ్మా. ఇక్కడ నిలబడి వీధి చివరి కొట్లో కూడా ఏదన్నా పడేసేలా ఉన్నావ్. అంత పొడుగు చెయ్యి ఇస్త్రీకెందుకు? తొట్టి దగ్గర పనికొస్తుంది."

ఆమె నవ్వింది. నవ్వకపోతే మాట పెరుగుతుంది. తొట్టి దగ్గర పనిచేసే ముసలామె ఈమధ్యే మానేసింది. ఎందుకు మానేస్తున్నావని వదిన అడిగితే నోటితో ఏమీ చెప్పకుండా రెండు అరచేతులూ తిప్పి చూపించి వెళ్ళిపోయింది. కొత్త మనిషి దొరికేదాకా భర్తే చిరిగిన రబ్బరు గ్లౌజులు తొడుక్కుని హోటలు దుప్పట్లు ముంచి తీస్తున్నాడు.

ఓనరు లోపలికి పోయాక ఆమె వీపు వెనక్కి చెయ్యి చాచి పిల్ల తల తడిమింది. "పోయాళ్ళే. నేనున్నాగా."

ఇద్దరూ గచ్చు మీద కూర్చుని పిన్నులు ఏరారు.

సాయంత్రం గిరాకీ పల్చబడింది. పొద్దంతా లెక్కలు ఎక్కించే ట్యాబు అప్పుడు ఖాళీ అవుతుంది. గువ్వ ఆడుకోవడానికి ఓనరు ఒప్పుకున్నది ఆ కాసేపే. అందులో ఉన్న ఆటను పెట్టుకుంది కూడా ఆయనే. మధ్యాహ్నం ఎండకు ఎవరూ రానప్పుడు కౌంటరు మీద మోచేతులు ఆనించి, పెదవి కొరుక్కుంటూ ఆడతాడు. ఆట పేరు దీవి. ఏమీ లేని దీవి ఒకటి ఇస్తారు. చెట్లు కొట్టుకోవచ్చు, తవ్వుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, పడవ చేసుకుని పోవచ్చు. ఇది చెయ్యి, అది చెయ్యి అనేవాళ్ళుండరు. అయితే ఎంత కష్టంగా ఆడతావో చెప్పమని మొదట్లోనే చంద్రుడి బొమ్మలు చూపిస్తుంది. ఖాళీ చంద్రుణ్ణి నొక్కితే రాత్రిళ్ళు ఏవీ రావు. సగం చంద్రుడైతే సముద్రంలోంచి ఒకటో రెండో నీడలు లేచొస్తాయి. నిండు చంద్రుడైతే గుంపు. చివర్న ఎర్ర చంద్రుడు. ఆ పక్కన రాసున్నదేదో ఆమె చదవలేదు. ఆ అక్షరాలు ఆమెకు కూడబలుక్కుంటేనే వస్తాయి, ఈలోపు బొమ్మ మారిపోతుంది. గువ్వ వేలు ఎప్పుడూ ఖాళీ చంద్రుడి మీదకే పోతుందని మాత్రం ఆమె చూసింది.

గువ్వ దీవిలో ఒక ఇల్లుంది. మెట్లున్న ఇల్లు, పైవాటా కూడా తమదే అయిన ఇల్లు. చెరువులో బాతులు. కంచెలో ఒక గొర్రె, పేరు దూది. తోటలో ఏదో ఎర్రటి పండ్ల మొక్కలు. బడిలో నోరు విప్పదని టీచరు చెప్పిన పిల్ల, దూదితో గుసగుసగా ఎన్ని కబుర్లు చెబుతుందో. భర్త ఒకసారి తొంగిచూసి, "దీనికి అద్దె లేదుగా, మనం కూడా అక్కడికే మకాం మార్చేద్దాం" అన్నాడు. గువ్వ నిజమే అనుకుని, నాన్నకి మంచం ఎక్కడ వెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించింది.

ఆ సాయంత్రం ఓనరు కౌంటరు దగ్గరికి మళ్ళీ వచ్చినప్పుడు ఆమెకు ఇందాకటి మాట గుర్తుంది. తొట్టి మాట. ఆయన మనసు కాస్త మెత్తబడితే బాగుండుననిపించింది.

"అన్నయ్యగారూ, ఒకసారి చూడండి. మా గువ్వ ఎంత పెద్ద ఇల్లు కట్టిందో. మీ ఆటే. మిమ్మల్ని చూసే నేర్చుకుంది."

ఆ మాట అనకుండా ఉంటే ఎలా ఉండేదో.

ఓనరు ట్యాబు తీసుకున్నాడు. వేలితో దీవంతా తిప్పి చూశాడు. మెట్లు చూశాడు, బాతులు చూశాడు. "పర్లేదే" అన్నాడు. గువ్వ స్టూలు మీద నిటారుగా కూర్చుంది. ఆయన పైన మూలనున్న చంద్రుడి గుర్తు చూసి ఆగిపోయాడు.

"ఖాళీ చంద్రుడా?" పెద్దగా నవ్వాడు. "ఏమేవ్, ఇటు రా" అని వదినను కేకేశాడు. "నీ మేనకోడలు చూడు, దయ్యాల్లేని దీవిలో కాపురం చేస్తోంది. ఇది ఆడటమంటారా? ఇస్త్రీ చెయ్యమంటే బట్ట మడత పెట్టి ఇచ్చినట్టుంది."

"చిన్నపిల్ల, పోనిద్దురూ" అంది వదిన, తలుపు దగ్గర నిలబడి.

"చిన్నపిల్ల కాబట్టే. ఇప్పుడు భయం పోకపోతే ఎప్పుడు పోతుంది? ఇందాక డబ్బా పడేసి ఎవరి వెనక దూరిందో నేను చూళ్ళేదనుకున్నావా?" ఆయన గువ్వ వైపు తిరిగాడు. "ఏమ్మా, పెద్దయ్యాక కూడా మీ అమ్మ వీపు వెంటేసుకుని తిరుగుతావా?"

ఆయన వేలు ఎర్ర చంద్రుడి మీద పడింది. ఏదో అడిగింది ట్యాబు. మళ్ళీ నొక్కాడు. దీవి మీద ఆకాశం తుప్పు రంగులోకి తిరిగింది.

"ఇప్పుడు రాత్రయితే నీడలు వస్తాయి. ఆకలేస్తుంది. పండ్లు కాయవు. నువ్వు చచ్చిపోయావనుకో, దీవి మొత్తం మునిగిపోతుంది, ఇల్లూ గొర్రే అన్నీ. ఆటలో నెల నిండేదాకా మార్చడానికి వీల్లేదు, నేను అనుకున్నా కూడా. నెల గడుపు, నీకు భయం లేదని ఒప్పుకుంటా."

గువ్వ ఏడవలేదు. తల్లి వైపు చూసింది. ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది, కింద ఎవరిదో చొక్కా ఉంది. చొక్కా కాలిపోతుందేమోనన్న కంగారులో ఆమె చూపు దించుకుంది.

*

"ఆటేగా" అన్నాడు భర్త, అన్నం ముందు కూర్చుని. సోడా నీళ్ళకు వేళ్ళు ఉబ్బి, ముద్ద కలపడానికి ఇబ్బంది పడుతున్నాడు. "పోతే ఇంకో దీవి ఇస్తాడు. ట్యాబులో దీవులకేం కరువు?"

"ఇంకోటి కాదు, అదే కావాలి దానికి."

"మా బావ చేసినదానికి నన్నేం చెయ్యమంటావే? పోయి దెబ్బలాడనా?"

గువ్వ మూలన చాప మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని పడుకుంది. నిద్రపోతున్నట్టు నటిస్తోంది. నిజంగా నిద్రపోయిన గువ్వ కాళ్ళు చాపేస్తుంది.

మర్నాడు ట్యాబు చేతికి వచ్చినా గువ్వ ఆట తెరవలేదు. తెరిస్తే దీవిలో పొద్దు కదులుతుంది. తెరవకుండా ఉంటే దూది బతికే ఉంటుంది. ట్యాబును బోర్లా పెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

"ఏమయింది, మూసేసి కూర్చున్నావు?" ఓనరు రసీదు చించి కస్టమరుకిస్తూ అడిగాడు. కస్టమరుకు కూడా వినబడేలా చెప్పాడు. "మా కోడలు పిల్ల ఆట తెరవడానికి భయపడుతోందండీ. ఆడకపోతే తీసేస్తా మరి. ఊరికే దాచుకోవడానికి అది ట్యాబా, డిబ్బీయా?"

కస్టమరు కూడా నవ్వాడు. పరాయి నవ్వు గువ్వకు మరీ కష్టం. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని, భర్త పాత ఫోను తీసుకుని కౌంటరు దగ్గరికి వచ్చింది. అద్దం పగిలిన ఫోను. ఆ ఆట ఇద్దరు కూడా ఆడొచ్చని గువ్వే ఒకప్పుడు చెప్పింది. రెండో మనిషిని తోడు అంటారు. గువ్వ ఎన్నిసార్లు రమ్మన్నా పనుందని తప్పించుకునేది.

"ఎలా రావాలో చెప్పు. నేనొస్తా."

గువ్వ తలెత్తింది. ఫోను లాక్కుని చకచకా నొక్కి ఇచ్చింది. పగిలిన అద్దం వెనక, తుప్పురంగు ఆకాశం కింద, నీలం బట్టల బొమ్మ మనిషి ఒకతె లేచి నిలబడింది.

"ఇది నువ్వు. ఇలా వేలు పెడితే నడుస్తావు. ఎత్తితే ఆగిపోతావు. చీకటి పడుతోంది, లోపలికి రా, రా!"

ఆమెకు నడవడం రాలేదు. గోడకు కొట్టుకుంటూ, చెరువులో పడుతూ లేస్తూ ఉండగానే చీకటి పడిపోయింది. నీడలు నీళ్ళలోంచి చప్పుడు లేకుండా వచ్చాయి. ముందు దగ్గరున్న మనిషి మీదికే వచ్చాయి. బొమ్మ మనిషి మూడు దెబ్బలకు పడిపోయింది. ఆమె ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "అయ్యో, మునిగిపోయిందా? నా వల్ల పోయిందా?"

ఫోను అద్దం నల్లబడి, మళ్ళీ వెలిగింది. నీలం బట్టల మనిషి ఇంట్లో మంచం దగ్గర లేచి నిలబడి ఉంది.

"నువ్వు చావవమ్మా" అంది గువ్వ. ఆ గొంతులో ఊరట. "తోడు ఎన్నిసార్లు చచ్చినా మళ్ళీ మంచం దగ్గర లేస్తుంది. నేను చస్తేనే దీవి మునిగేది."

"అయితే ఇంకేం. నేనుండగా నీ దగ్గరికి రానిస్తానా? నా వెనక నిలబడు."

*

ఆ తర్వాత రోజు నుంచి లాండ్రీలో ఆ ఆటే కబురు. బట్టలిచ్చిపోయేవాళ్ళు కూడా "ఎన్ని రాత్రులైనాయి?" అని అడిగేవాళ్ళు. ఓనరు కౌంటరు వెనక కుర్చీ వెనక్కి వాల్చి కూర్చుని, "అలా కాదు, గోడకు కంతలు పూడ్చు", "పొద్దున్నే కట్టెలు కొట్టుకో" అని గట్టిగా చెప్పేవాడు. మంచి గురువు ఆయన. చెప్పినవన్నీ పనికొచ్చేవే. గువ్వ మొదట్లో ఆయన గొంతు వింటే బిగుసుకునేది. రాన్రాను ఆయన చెప్పేదాకా ఆగి, చెప్పాక చేసేది.

ఆమె పనీ ఆటా రెండూ చూసుకునేది. ప్యాంటు కాళ్ళు రెండూ కలిపి, మడత మీద తడిగుడ్డ వేసి ఆవిరి పట్టి, అది ఆరేలోపు ఫోను చూసేది. వేళ్ళకు ఆట కొంచెం కొంచెం పట్టుబడింది. నీడలు ఏ వైపు నుంచి లేస్తాయో తెలిసింది. ఈ మధ్యలో ఎన్ని చొక్కాలు వెనకబడ్డాయో వదిన చూస్తూనే ఉంది గానీ, మొగుడి సరదా కాబట్టి ఊరుకుంది.

పండ్లు అయిపోయాయి. గువ్వ బొమ్మ నడుస్తూ నడుస్తూ వంగిపోతోంది. పైన ఆకలి గీత సగానికి పడిపోయింది.

"గొర్రెనెందుకు పెట్టుకున్నావు, ముగ్గెయ్యడానికా?" అన్నాడు ఓనరు.

"అది దూది" అంది గువ్వ.

"దూది ఉంటుంది, నువ్వుండవు. నువ్వు పోతే దూదీ మునుగుతుంది. ఎలాగూ పోయేదే కదా. బుర్ర పెట్టి ఆలోచించు."

గువ్వ తల్లి వైపు చూసింది. ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి ఆమె ఏదో అనబోయింది. వేరే దారి ఉందేమో అనబోయింది. లేదు. ఆయన చెప్పింది నిజం. ఆమె చేతికింద తడిగుడ్డ చుయ్యిమని ఆవిరి వదిలింది.

"నే చెయ్యనా?" అంది ఆమె. "నువ్వు కళ్ళు మూసుకో. నేను చేస్తా."

"అదే, అదే నేను వద్దనేది!" ఓనరు కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు. "అన్నీ నువ్వే చేసిపెడతావు. తన గొర్రె, తను చెయ్యాలి."

గువ్వ కంచె తలుపు తీసింది. దూది అలవాటుగా దగ్గరికొచ్చింది. ఆటలో గొర్రెలు తిండి పెట్టేవాళ్ళ చేతి వైపే వస్తాయి. మొదటి దెబ్బకు పడలేదు. అరిచింది, మళ్ళీ దగ్గరికే వచ్చింది. రెండో దెబ్బకూ పడలేదు. గువ్వ నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది, కళ్ళలోంచి నీళ్ళు ట్యాబు మీద పడుతున్నాయి. ఆ నీటిబొట్ల మీద వేలు జారుతోంటే ఫ్రాకుతో అద్దం తుడిచి, మళ్ళీ కొట్టింది.

"శభాష్!" అన్నాడు ఓనరు. నిజంగానే సంతోషపడ్డాడు. జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. గువ్వ తీసుకుని, కాగితం విప్పి, ఏడుస్తూనే తినేసింది.

బాతుల వంతు వచ్చినప్పుడు ఆమె పెళ్ళివారి తెల్ల టేబులు గుడ్డలకు గంజి పెడుతోంది. అరుపులు వినబడ్డాయి, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఆగకుండా. ఏడుపు వినబడుతుందేమోనని చెవి రిక్కించింది. ఏమీ వినబడలేదు. పిల్లకు కష్టం కలగలేదు కదా అని ముందు మనసు తేలికపడింది. కాసేపయ్యాక గంజిలో చేతులు ఊరికే ఉన్నాయని గుర్తించి గుడ్డ పిండింది.

*

నెలలో చివరి రాత్రి ఆడతామని ఓనరు ముందే అందరికీ చెప్పాడు. ఆ సాయంత్రం షట్టరు సగం దించి, ట్యాబును కౌంటరు మీద నిలబెట్టారు. వదిన పైనుంచి దిగి వచ్చి కుర్చీ వేసుకుంది. భర్త గ్లౌజులు విప్పి, చేతులు గాలికి ఆడించుకుంటూ మధ్య గది గుమ్మంలో నిలబడ్డాడు. "మా గువ్వ గెలుస్తుంది చూడు బావా" అన్నాడు. తనూ ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

ఆమె ఫోను పట్టుకుని గువ్వ పక్కన నిలబడింది. దూది కంచె ఖాళీగా ఉంది. చెరువు ఖాళీగా ఉంది. ఇంటి పైవాటా పీకి, ఆ చెక్కలతో కింది గోడ రెట్టింపు చేసింది గువ్వ. ఇప్పుడు అది ఇల్లులా లేదు, పెట్టెలా ఉంది.

చీకటి పడింది. ఇన్ని నీడలు ఎప్పుడూ రాలేదు. నలువైపులా నీళ్ళు ఒక్కసారిగా లేచి నడిచినట్టు వచ్చాయి. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. గోడలకు దెబ్బలు పడుతున్నాయి. ఒక చెక్క ఊడింది. గువ్వ పూడ్చింది. ఇంకోటి ఊడింది.

"ఆగవు" అన్నాడు ఓనరు, ముందుకు వంగి. "ఇల్లు చుట్టేశాయి. తెల్లారేదాకా గోడ ఆగదు. ఏం చేస్తావు ఇప్పుడు? ఆలోచించు. నీ దగ్గర ఏముంది?"

గువ్వ ఆలోచించింది. కనుబొమలు దగ్గరపెట్టి, కింది పెదవి కొరుక్కుంటూ, అచ్చం ఆయనలాగే.

"అమ్మా, నువ్వు బయటికి పో."

"ఆఁ?"

"బయటికి పో. అవి దగ్గరున్న మనిషి మీదికే పోతాయి. నువ్వు అటు చివరికి పరిగెత్తు, అన్నీ నీ వెంటే వస్తాయి. నేను తలుపేసుకుంటా."

"నువ్వొక్కదానివే లోపల..."

"పో అమ్మా!"

తలుపు తెరుచుకుంది. నీలం బట్టల మనిషి బయటికి వెళ్ళింది. వెనక తలుపు మూసిన చప్పుడు ఫోనులోనూ ట్యాబులోనూ ఒకేసారి వినబడింది. నీడలు గోడ వదిలి ఆమె వైపు తిరిగాయి. ఆమె పరిగెత్తించింది. ఒడ్డు దాకా వెళ్ళలేదు. మూడు దెబ్బలు. నల్లబడింది. మంచం దగ్గర లేచింది.

"మళ్ళీ పో" అంది గువ్వ.

ఆమె మళ్ళీ పోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ పోయింది. నాలుగోసారో ఐదోసారో ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో ఆమెకే తెలియదు. మంచం దగ్గర నిలబడిన ఆ బొమ్మ మొహంలో ఏమీ లేదు. అలసట కూడా లేదు. గువ్వ ట్యాబు మీంచి కళ్ళు తిప్పకుండానే ఎడమ అరచేతిని తల్లి నడుం మీద పెట్టి, ముందుకు తోసింది. బొమ్మను కాదు, తల్లినే తోసింది. ఆమె రెండడుగులు ముందుకు వేసి కౌంటరుకు తగిలింది.

తెల్లారింది. ఆకాశం తుప్పు వదిలి తెల్లబడింది. చంద్రుల బొమ్మలు మళ్ళీ వరసగా వచ్చి నిలబడ్డాయి, ఈసారి ఏది కావాలో చెప్పమని.

ఓనరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వదిన కొట్టింది. భర్త ఉబ్బిన చేతులతో కొట్టబోయి, మంట పుట్టి ఊరుకున్నాడు.

"చూశావా? ఇన్నాళ్ళూ నువ్వు దాచిపెట్టావు గానీ దీని బుర్ర ఎంత పాదరసమో!" అన్నాడు ఓనరు ఆమెతో. "ఇక దీనికి భయం లేదు."

గువ్వ నవ్వింది. ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ నవ్వింది. అలా చూడటం అదే మొదలు. తల్లి కూడా నవ్వింది. గెలిచింది కదా కూతురు, నవ్వక ఏం చేస్తుంది.

*

మర్నాడు సెలవు. పొద్దున్నే పెళ్ళికొడుకు కోటు వచ్చింది. మీగడ రంగు పట్టు కోటు, సాయంత్రానికి కావాలి. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, ఇస్త్రీపెట్టె చక్రం పట్టు గుర్తుకు తగ్గించి, తడిగుడ్డ పైన వేసి, భుజాల దగ్గర మొదలుపెట్టింది. పట్టును ఎప్పుడూ నేరుగా తాకకూడదు. ఇనుము నీడ కూడా పడకూడదు.

గువ్వ బల్ల పక్కన నిలబడి చూస్తోంది. ఇదివరకు ఇస్త్రీపెట్టె బుస్సుమంటే దూరంగా జరిగేది.

"నేను చేస్తా."

"వద్దు, కాలుతుంది."

"నాకు భయం లేదు."

"నాకుంది తల్లీ" అని ఆమె నవ్వి, పైన వేలాడే నీళ్ళ సీసా ఖాళీ అయిందని చూసుకుంది. పెట్టె నిలబెట్టి, తడిగుడ్డ పిండుకురావడానికి, సీసా నింపుకురావడానికి మధ్య గదిలోకి వెళ్ళింది. కుళాయి సన్నగా వస్తోంది.

వాసన ముందు వచ్చింది. జుట్టు కాలినట్టుండే వాసన.

ఆమె సీసా వదిలేసి పరిగెత్తుకొచ్చింది. గువ్వ రెండు చేతులతో పెట్టె ఎత్తి పట్టుకుని ఉంది. చక్రం చివరిదాకా తిప్పి ఉంది. కోటు వీపు మీద పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ, అంచుల్లో నలుపు. ఆమె పెట్టె లాక్కుని నిలబెట్టి, పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ చూసింది. కాలలేదు. ఒక్కటీ కాలలేదు. ఊపిరి వచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. "ఏంటా వాసన?"

గువ్వ వెనక్కి వస్తుందని, నడుం పట్టుకుంటుందని ఆమె వీపు తనకు తెలియకుండానే ఎదురుచూసింది. వీపు వెనక పిల్ల లేదు. గువ్వ పక్కకు జరిగింది. బల్లకు ఒక అడుగు దూరంలో, ఖాళీ చేతులు కిందికి వేలాడేసి, తిన్నగా నిలబడింది.

ఓనరు కోటు చూశాడు. మచ్చ మీద వేలు పెట్టాడు, పట్టు పెళుసుగా చిట్లింది.

"ఎవరు?"

ఆమె నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది, ఎప్పుడూ చెప్పేదే. కానీ ఆమె కన్నా ముందే, తడబడకుండా, పాఠం అప్పజెప్పినట్టు వినబడింది.

"అమ్మ."

గువ్వ ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

ఓనరు ఇద్దర్నీ చూశాడు. గువ్వ ఫ్రాకు ముందుభాగం మీద ఆవిరి తడి ఉంది. ఆమె చేతులకు కుళాయి నీళ్ళు కారుతున్నాయి. ఆయనకు తెలిసింది. తెలిసిందని ఆమెకూ తెలిసింది. ఆయన పెదవి చివర ఏదో కదిలింది, నిన్న చప్పట్లు కొట్టేముందు కదిలినట్టే.

"నేనే అన్నయ్యగారూ" అంది ఆమె. "చక్రం చూసుకోలేదు."

"పట్టు కోటు, చక్రం చూసుకోలేదు." ఆయన కోటు తీసి భుజాన వేసుకున్నాడు. పెళ్ళివారికి ఏం చెప్పాలో మనసులో అల్లుకుంటూనే అన్నాడు. "ఇక బల్ల దగ్గర నిలబడకు. నీ మొగుణ్ణి బట్టలు తెచ్చిచ్చే పనే చూసుకోమను. తొట్టి నువ్వు చూడు."

"గ్లౌజులు చిరిగిపోయాయండీ."

"చిరిగినవి తొడుక్కో. తొందరగా అలవాటైపోతుంది."

ఆ రోజంతా ఆమె హోటలు దుప్పట్లు ముంచింది. సోడా నీళ్ళు గ్లౌజు చిరుగుల్లోంచి లోపలికి దిగి, అక్కడే నిలబడిపోతాయి. విప్పితే మంట, తొడుక్కుంటే మంట. మధ్యాహ్నానికి వేళ్ళ కొసల చర్మం తెల్లగా ఉబ్బి ముడతలు పడింది. ఎంత లాగినా ఆ ముడతలు పోవడం లేదు. భర్త గుమ్మంలో ఆగి, బట్టల మూట భుజం మార్చుకుంటూ చూశాడు. "కొబ్బరినూనె రాసుకో" అన్నాడు. చెప్పడానికి అతని దగ్గర ఉన్నది అదే. వెళ్ళిపోయాడు.

సాయంత్రం గువ్వ వచ్చింది. ఒక చేతిలో ట్యాబు, ఒక చేతిలో పగిలిన ఫోను.

"అమ్మా, రా. మావయ్య ఆడుకోమన్నాడు."

"చేతులు బాలేవురా."

గువ్వ తల్లి చేతులు చూసింది. ట్యాబు కింద పెట్టి, గచ్చు మీద కూర్చుని, తల్లి కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. ఫ్రాకు కొసతో ఒక్కో వేలూ మెల్లగా అద్దింది, నొప్పి పుట్టకుండా. బొటనవేలు దగ్గర చర్మం ఊడి వస్తుంటే ఊదింది. ఆ ఈడు పిల్లలు అలా ఎవరూ ఊదరనిపించింది ఆమెకు. పొద్దున్నుంచీ అడగాలనుకున్న మాట ఒకటుంది. అడిగితే పిల్ల ఏం చెబుతుందో తెలుసు కాబట్టి అడగలేదు.

"తగ్గిపోతుందిలే" అంది గువ్వ. పెద్దమనిషిలా అంది.

ఫోను చేతిలో పెట్టింది. ఊడిన చర్మాన్ని అద్దం గుర్తుపట్టలేదు. వేలు పెట్టినా బొమ్మ కదల్లేదు. గువ్వ ఇంకో వేలు పెట్టి చూసింది, మరో వేలు పెట్టి చూసింది. చిటికెనవేలు పనిచేసింది. నీలం బట్టల మనిషి మంచం దగ్గర లేచి నిలబడింది.

ట్యాబులో చంద్రుల బొమ్మలు వరసగా ఉన్నాయి. ఖాళీ చంద్రుడు ఈ చివర, ఎర్ర చంద్రుడు ఆ చివర.

"ఖాళీది నొక్కు తల్లీ" అంది ఆమె. "నెల అయిపోయిందిగా. మళ్ళీ ఇల్లు కట్టుకో. ఇంకో గొర్రెని తెచ్చుకుందాం."

గువ్వ వేలు ఖాళీ చంద్రుడి మీదుగా పోయింది, సగం చంద్రుడి మీదుగా పోయింది, నిండు చంద్రుడి దగ్గర కూడా ఆగలేదు. ఆకాశం తుప్పు రంగులోకి తిరిగింది.

"అదెందుకే? భయం వెయ్యదూ?"

గువ్వ ఆశ్చర్యంగా చూసింది. ఇంత తెలిసిన సంగతి అమ్మ అడుగుతుందేమిటన్నట్టు చూసింది.

"ఎందుకు భయం? నువ్వున్నావుగా."

దీవిలో పొద్దు వాలుతోంది. గువ్వ తలుపు తెరిచి పట్టుకుంది, తల్లి బయటికి వెళ్ళడానికి.